కుంఫిణీ తవర్జీ: ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్రము

జీతము చేయుచున్న పనికి వచ్చు ఫలము. పింఛను చేసి ముగించిన పనికి నిలుచు గుర్తు. ఒకదానిని అడుగుటకు చేతులలో సత్తువయుండును. రెండవదానిని అడుగునాటికి సత్తువ సన్నగిల్లి, కాగితములు మాత్రమే మిగిలియుండును. అందుచేతనే పింఛను గూర్చిన తగవులలో రూపాయల లెక్క చిన్నదైనను, మనస్సులకు తగులు గాయము పెద్దదిగా ఉండును. ఈయవలసినవాడు ఈయననిన యెడల ఎవరితో చెప్పుకొనవలెను? క్రింది కచేరి త్రోసిపుచ్చిన అర్జీని పై కచేరి వినునా? వినకపోయిన ఆ మనుష్యునికి మిగులు దారి యేది? ఈ ప్రశ్నలు ఉద్యోగులకు కొత్తవి కావు.

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణముగా, కడలూరు మార్గమునానుకొనియున్న ముదలియార్‌పేట వాసులకు ఈ ప్రశ్నల బరువు బాగుగా తెలియును. 1898లో వెలసిన మిల్లు ఒకటి ఆ పేటకు తరతరములు అన్నము పెట్టినది. 1936 జూలై 30వ తేదీన పనిగంటలకొరకు, కూలికొరకు, సంఘము పెట్టుకొను హక్కుకొరకు నిలిచిన పుదుచ్చేరి మిల్లు కార్మికులపై ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరుపగా పండ్రెండుగురు నేలకొరిగిరి. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన ఎనిమిది గంటల పనిదినమును అంగీకరించు శాసనము వెలువడెను. ఆ మిల్లు 2020లో మూతపడెను. కంపెనీ యన్నది పుట్టును, పెరుగును, మూతపడును. దానిని నమ్మినవాని ముదిమి మాత్రము మూతపడదు.

కంపెనీకిని పింఛనుకును నడుమ వచ్చిన తగవు తెలుగునాట ఈనాటిది కాదు. మన పెద్దలు ఈస్టిండియా కంపెనీని కుంఫిణీ యనిరి. అది ఇచ్చు నెలసరి భరణమును తవర్జీ యనిరి. ఆ తవర్జీలో తనకు రావలసిన వంతు నిరాకరింపబడగా, వినెడి న్యాయస్థానము లేక, చివరకు కత్తి పట్టి, ఉరికంబమెక్కిన రేనాటి వీరుని చరిత్రము ప్రతి ఉద్యోగియు ఒకపరి తలపోయదగినది. ఆయన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి.

ఆ కథకు మూలము పుదుచ్చేరికి కొంత సంబంధించియే యున్నది. 1775లో పుదుచ్చేరికి వర్తకమునకై వచ్చిన రేమండ్ అను ఫ్రెంచివాడు కాలక్రమమున హైదరాబాదు నిజాము కొలువుచేరి, ఫ్రెంచి అధికారుల క్రింద గొప్ప సేనను కూర్చెను. అతడు 1798 మార్చిలో మరణించెను. ఆ సంవత్సరమే నిజాము ఇంగ్లీషువారితో సైన్యసహకారపు ఒడంబడిక చేసికొని, అక్టోబరులో ఆ ఫ్రెంచి సేనను రద్దుపరచెను. దాని స్థానమున వచ్చిన ఇంగ్లీషు సేన ఖర్చుకై 1800 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణలకు దక్షిణమునగల సీమలను కుంఫిణీకి ధారవోసెను. బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములును, నేటి కర్నూలు, నంద్యాల జిల్లాలలో కొంత భాగమును అట్లు చేతులు మారినవి. వానికే దత్తమండలములని పేరు. పిదప రాయలసీమ యనబడినది ఈ సీమయే.

దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1800 మొదలు 1807 వరకు ఆయన అచ్చట పనిచేసెను. ఆయనకు ఎదురైన మొదటి చిక్కు పాలెగాండ్రు. విజయనగర రాజుల కాలమునుండి గ్రామములను కావలికాచి, పన్నులు వసూలుచేసి, రాజునకు యుద్ధసమయమున బంట్లను సమకూర్చుచు వచ్చిన కుటుంబములవి. విజయనగరము కూలిన తరువాత పైనున్న ప్రభువులు మారుచుండిరి. పాలెగాండ్రు మాత్రము తమ కొండకోటలలో స్థిరముగానుండిరి. హైదరు, టిప్పు, నిజాములలో ఎవ్వరును వారిని పూర్తిగా లొంగదీసికొనలేకపోయిరి. మన్రో వచ్చునాటికి దత్తమండలములలో ఎనుబదిమంది పాలెగాండ్రు ఉండిరి. రైతు నేరుగా సర్కారుకే పన్ను కట్టవలెననునది మన్రో విధానము. నడుమ వేరొక చిన్న రాజు ఉండుటకు అందు చోటు లేదు. ఎదిరించినవారిని సైన్యము అణచెను. లొంగినవారి కోటలను, బంట్లను, కావలి హక్కులను తీసివేసి, వానికి బదులుగా నెలకింతయని తవర్జీ ఏర్పరచిరి.

ఈ ఏర్పాటు స్వభావమును కొంత పరిశీలింపవలెను. పాలెగానినుండి తీసికొన్నది తరతరములుగా వచ్చుచున్న పాలెము. ఇచ్చినది తాలూకా ఖజానానుండి వచ్చు నెల సొమ్ము. పుచ్చుకొన్నవాని దృష్టిలో అది పోయిన ఆస్తికి వెల. ఇచ్చినవాని దృష్టిలో అది అనుగ్రహము. అవసరమైనపుడు తగ్గింపవచ్చును, వారసుడు లేడని తోచినపుడు నిలిపివేయవచ్చును. ఒకే రూపాయిని ఇరువురు రెండు పేర్లతో పిలిచిరి. అటుపిమ్మట జరిగిన దానికంతకును ఈ రెండు పేర్ల భేదమే బీజము.

ఉయ్యాలవాడ కుందూనది పరీవాహమున, కోయిలకుంట్లకు సమీపమున, నల్లరేగడి భూములు గల రేనాటి సీమలోనిది. నరసింహారెడ్డి తండ్రి పెదమల్లారెడ్డి. ఉయ్యాలవాడ కుటుంబమునకు కుంఫిణీ ఇచ్చిన తవర్జీ నెలకు 70 రూపాయలు. అందు సగము, అనగా 35 రూపాయలు, నరసింహారెడ్డి శాఖకు వచ్చెను. ఆ సగమును మరల మూడు వంతులు చేయగా, ఆయన చేతికి వచ్చినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. అణాకు పండ్రెండు పైసలు, రూపాయికి పదునారణాలు లెక్కించు ఆ కాలమున, 35 రూపాయలను ముగ్గురికి పంచిన వచ్చు మొత్తము ఖచ్చితముగా ఇంతియే. తాతలు బంట్లను పోషించిన ఇంటిలో మనుమడు పైసలతో సహా లెక్కపెట్టుకొనవలసిన దినములు వచ్చినవి.

ఆయన తల్లి వైపు సంబంధము నొస్సము పాలెగాండ్రతో. నొస్సము సంస్థానపు కడపటి పాలెగాడు జయరామిరెడ్డికి నరసింహారెడ్డి దౌహిత్రుడు. నొస్సము కుటుంబమునకును తవర్జీ యుండెను. ఆ వంశమున మగ సంతతి లేకపోవుటచే ఆ తవర్జీ రద్దయినదని కుంఫిణీ అధికారులు తీర్మానించిరి. మాతామహుని వంశము అంతరించినపుడు దౌహిత్రునకు దాయము చేరుట మన ధర్మశాస్త్రమున కొత్త విషయము కాదు. కావున నరసింహారెడ్డి ఆ తవర్జీలో భాగము తనకీయవలసినదని అడిగెను. ఈయమని జవాబు వచ్చెను. అందొక్క పైసయైనను ఆయనకు దక్కలేదు.

ఇచ్చట నేటి పాఠకునకు ఒక సందేహము కలుగును. ఆ కాలమున న్యాయస్థానములు లేవా? కలెక్టరు కాదన్నచో దావా వేయరాదా? దావా కొట్టివేసినచో పై కోర్టునకు పోరాదా? న్యాయస్థానములుండెను. జిల్లా అదాలతు నుండి మద్రాసు సదరదాలతు వరకు మెట్లు మెట్లుగా ఉండెను. పొలము గట్టు తగవులు, అప్పుల తగవులు వానిలో నడచుచుండెను. కాని సర్కారు ఇచ్చు భరణములు, ఈనాముల విషయము వేరు. మద్రాసు ప్రభుత్వము 1831లో చేసిన నాల్గవ రెగ్యులేషను ఇట్టి దానముల తగవులను ప్రభుత్వపు అనుమతి లేనిదే న్యాయస్థానములు విచారింపరాదని కట్టడి చేసినది. అనగా కోర్టు తలుపు దగ్గరకు పోవుటకే ప్రతివాది అనుమతి తెచ్చుకొనవలెను.

ఇక మిగిలినది అర్జీల మార్గము. తాలూకాలో తాసీలుదారు, కడపలో కలెక్టరు, మద్రాసులో రెవిన్యూ బోర్డు, దానిపైన కోటలోని గవర్నరు, ఆయనపైన సముద్రముల కవతల లండనులో కుంఫిణీ డైరెక్టర్లు. మెట్లు చాలనే యుండెను. కాని ఏ మెట్టు మీద కూర్చుండినవాడైనను ఆ ఖజానాకే సంరక్షకుడు. సొమ్ము ఈయవలసినవాడే న్యాయమూర్తియైనపుడు ఎన్ని మెట్లెక్కినను తీర్పు మారుటకు అవకాశము స్వల్పము. తవర్జీ సొమ్ము నెలనెల చేతికి వచ్చుట తాలూకా కచేరి నుండియే. సొమ్మునకై తాను పంపిన మనుష్యుని కోయిలకుంట్ల తాసీలుదారు పరుషముగా మాటలాడి వట్టిచేతులతో పంపెననియు, అది తనకు జరిగిన పరాభవముగా నరసింహారెడ్డి భావించెననియు రేనాటి జనశ్రుతి. ఆ మాట యెట్లున్నను, ప్రభుత్వము నొస్సము తవర్జీని నిరాకరించుటయే ఆయన తిరుగుబాటునకు కారణమని ఇంగ్లీషువారి కాలపు జిల్లా చరిత్రలు సైతము వ్రాసియున్నవి.

ఒక్కని కోపము తిరుగుబాటు కాజాలదు. ఆ సంవత్సరములలో కట్టుబడి బంట్లకును ఇట్టి కష్టమే వచ్చియుండెను. గ్రామములను కావలికాయుటకు ప్రతిఫలముగా ఈనాము భూములననుభవించుచు వచ్చిన వారిని కట్టుబళ్లందురు. పోలీసు ఏర్పాట్లు మారిన పిదప వారి సేవతో పనిలేదని తలచి కుంఫిణీవారు ఆ ఈనాములను తిరిగి తీసికొనజొచ్చిరి. భూమి పోయెను, కావలి పోయెను, చేతనున్న ఈటె మాత్రము మిగిలెను. తవర్జీ పోయిన పాలెగాని మనుమడును, ఈనాము పోయిన కట్టుబడి బంటును ఒకచోట కలిసిరి. నల్లమల చెంచులు తోడైరి. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న వంటివారి పేర్లు ఆయన సహచరులలో నేటికిని వినబడుచున్నవి. ఆయనకు గల బలము ధనముచే వచ్చినది కాదు. తనవంటి కష్టమే పడినవారు వేలకొలదిగా ఉండుటయే ఆ బలము.

1846 జూలై నెలలో నరసింహారెడ్డి తన వారిని వెంటబెట్టుకొని కోయిలకుంట్ల ఖజానాపై పడెను. ఆ దాడి తేదీని జూలై 10గా చరిత్రకారులు చెప్పుచున్నారు. అచ్చట చిక్కిన సొమ్ము ఎనిమిది వందల రూపాయలకు కొంచెము పైబడినదని వారు వ్రాసియున్నారు. తన తవర్జీ ప్రకారము లెక్కించినచో అది ఆయనకు ఆరేండ్లలోపు భరణము. ఆ దాడిలో కచేరి మనుష్యుల ప్రాణములును పోయినవి. అచ్చటనుండి ఆయన ఒకచోట నిలువక, ఎఱ్ఱమల, నల్లమల కొండలలోని పాత దుర్గములను ఆశ్రయించుచు, కోయిలకుంట్ల, కంభము తాలూకాలలో సంచరించెను. కడపనుండి, కర్నూలునుండి సేనలు వెంటబడెను. కర్నూలు నవాబును కుంఫిణీవారు పదవినుండి తొలగించి అప్పటికి ఏడేండ్లు మాత్రమే యగుటచే, ఆ సీమలో ఏ చిన్న అలజడియైనను వారికి పెద్ద భయమునే కలిగించుచుండెను.

గిద్దలూరు వద్ద లెఫ్టినెంటు వాట్సను సేనతో ఆయనకు యుద్ధము జరిగెను. కంభము తాసీలుదారు ఆ సందర్భమున హతుడయ్యెను. ఇందును ఒక విషాదము కలదు. చట్టమును చేసినది మద్రాసులోని కోట. భరణమును నిరాకరించినది పైయధికారులు. ఆ నిరాకరణను ప్రజల యెదుట నిలిచి చెప్పవలసివచ్చినవాడును, దాని ఫలమును మొదట అనుభవించినవాడును నెలజీతమునకు పనిచేయు తాలూకా ఉద్యోగి. పైవారి తీర్పులోని అన్యాయము క్రిందివాని ముఖము ధరించి ప్రజలకు కనబడుట అన్ని కాలములలోను జరుగుచున్నదే. నరసింహారెడ్డి వీరత్వమును కీర్తించునపుడు ఆ కచేరి ఉద్యోగుల మరణములను మరచుట న్యాయము కాదు. రెండును ఒకే మూతపడిన తలుపు వలన కలిగిన నష్టములే.

కడప కలెక్టరుగానుండిన కాక్రేను దొర ఆయనను పట్టుకొనుటకు బహుమతులు ప్రకటించెను. ఆయన భార్యాబిడ్డలను నిర్బంధించిరనియు, అందుచే ఆయన మనస్సు కలగినదనియు చెప్పుదురు. గిద్దలూరు యుద్ధము తరువాత నల్లమలలో కొంతకాలము సంచరించి, ఆయన తిరిగి తన సీమకే వచ్చెను. అడవిలో మరికొంతకాలము దాగియుండవచ్చును, దూరదేశమునకు పోవచ్చును. కాని పుట్టినగడ్డనుండి ఆయన దూరముగా పోలేదు. 1846 అక్టోబరు 6వ తేదీన పేరుసోముల సమీపమున ఒక కొండపై ఆయనను బంధించిరి. తిరుగుబాటు మొదలై నాటికి మూడు నెలలు మాత్రమే గడచినవి.

ఆయనతోపాటు తొమ్మిది వందలమందిపై నేరము మోపబడినట్లు చరిత్రకారులు లెక్కలు చూపుచున్నారు. వారిలో 412 మందిని నేరము లేదని వదలిరి. 273 మందిని పూచీకత్తుపై విడిచిరి. 112 మందికి శిక్షలు పడినవి. ఈ అంకెలను చూచినవారికి ఒక సంగతి బోధపడును. ఒక ఇంటి భరణపు తగవుగా మొదలైనది ఒక సీమ గోడుగా మారినది. నేరస్థుల పట్టికలోని ఆ పేర్లు మరియొక విధముగా చదివినచో, వినబడని అర్జీల పట్టికయే.

నరసింహారెడ్డికి మరణదండన విధించిరి. 1847 ఫిబ్రవరి 22వ తేదీ సోమవారము ఉదయమున కోయిలకుంట్ల వద్ద, వేలకొలది ప్రజలు చూచుచుండగా ఆయనను ఉరితీసిరి. అంతటితో కుంఫిణీ కసి తీరలేదు. ఆయన శిరస్సును గొలుసులతో కోయిలకుంట్ల కోటలో వ్రేలాడదీసిరి. మరియొక పాలెగాని మనుమడు తవర్జీ అడుగుటకు ధైర్యము చేయకుండుటకై యుంచిన హెచ్చరిక యది. 1877 వరకు, అనగా ముప్పది యేండ్లు, అది అట్లే యుండెనని చెప్పుదురు. ఈలోపల కుంఫిణీ పాలన 1858లో అంతమయ్యెను. రాజ్యము విక్టోరియా రాణి చేతికి పోయెను. కోయిలకుంట్ల కడప జిల్లానుండి కర్నూలు జిల్లాలోనికి మారెను. పరిపాలనలో ఇన్ని మార్పులు జరిగినను ఆ కోటలోని శిరస్సును దింపించు ఉత్తరువు మాత్రము ఎవ్వరికిని తోచలేదు.

నరసింహారెడ్డి మరణించిన నాలుగేండ్లకు ఇట్టి కథయే ఉత్తరదేశమున మరల జరిగెను. 1818లో లొంగిపోయిన పీష్వా రెండవ బాజీరావునకు కుంఫిణీ ఏటా ఎనిమిది లక్షల రూపాయల పింఛను ఇచ్చుచుండెను. 1851 జనవరిలో ఆయన బిఠూరులో మరణించగా, దత్తపుత్రుడైన నానాసాహేబునకు ఆ పింఛను చెల్లదని డల్హౌసీ నిర్ణయించెను. నానాసాహేబు తన అర్జీని సముద్రము దాటించి, అజీముల్లాఖాను అను ప్రతినిధిని లండనుకు పంపి డైరెక్టర్లకు విన్నవించుకొనెను. అచ్చటను అది త్రోసివేయబడెను. 1857లో ఏమి జరిగినదో జగద్విదితమే. ఒకరిది ఏటికి ఎనిమిది లక్షలు, మరియొకరిది నెలకు పదునొకండు రూపాయల చిల్లర. మొత్తములు వేరైనను జవాబు ఒక్కటియే. లండను వరకు పోయినవానికిని, కడప దాటలేనివానికిని దొరికినది ఆ జవాబే.

ఈ తిరుగుబాట్లవలన ప్రభుత్వమువారు నేర్చిన పాఠమేమి? 1871లో దేశమంతటికిని వర్తించునట్లు పింఛనుల చట్టము చేయబడెను. పాత రెగ్యులేషనులు పోయెను. వానిలోని సూత్రము మిగిలెను. పింఛను విషయమున సివిలు కోర్టు విచారణ జరుపవలెనన్నచో కలెక్టరు ధ్రువపత్రము ఉండవలెనని ఆ చట్టము చెప్పెను. పింఛను అనుగ్రహము కాదు, హక్కు అని ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానము స్పష్టపరచుటకు మరియొక నూరేండ్లు పట్టెను. బీహారు రాష్ట్రమునకు చెందిన దేవకీనందన ప్రసాదు అను ఉద్యోగి వేసిన వ్యాజ్యమున 1971లో సుప్రీముకోర్టు ఆ తీర్పు చెప్పెను. పింఛను ప్రభుత్వపు దయపై ఆధారపడినది కాదనియు, నియమముల ప్రకారము సేవచేసిన ఉద్యోగికి అది ఆస్తివంటి హక్కు అనియు ఆ తీర్పు సారాంశము.

1982 డిసెంబరు 17వ తేదీన నకారా అను విశ్రాంతోద్యోగి వేసిన వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము మరియొక మెట్టు ముందుకు వేసెను. 1979 మార్చి 31వ తేదీకి ముందు విరమించినవారని, తరువాత విరమించినవారని గీత గీసి, కొత్త పింఛను లెక్కను వెనుకటివారికి నిరాకరించుట సమానత్వమునకు విరుద్ధమని ఆ తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున మన తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డిగారును ఒకరు. ఆ దినమును కేంద్రప్రభుత్వ పింఛనుదారులు పండుగగా జరుపుకొనుట అందరెరిగినదే. రేనాటి కచేరిలో త్రోసివేయబడిన వాదమును, అది పలికినవాని పేరైనను తలపకయే, స్వతంత్ర భారతపు న్యాయస్థానము అంగీకరించినట్లయ్యెను.

నరసింహారెడ్డి వాదము సంపూర్ణముగా నేటి ఉద్యోగి వాదమే యని చెప్పుట అతిశయోక్తి యగును. ఆయన అడిగినది సేవకు ప్రతిఫలముగా వచ్చు పింఛను కాదు. పోగొట్టుకొన్న పాలెమునకు బదులుగా వచ్చిన భరణమున వంశవాటా. పాలెగాండ్ర ఏలుబడియంతయు రైతులకు సుఖముగా నుండెననియు చెప్పరాదు. కాని ఇచ్చిన మాటను ఇచ్చినవాడే తన యిష్టమువచ్చినట్లు అర్థము చెప్పుకొనవచ్చునా, ఆ అర్థమును పరీక్షించు మధ్యస్థుడు ఉండవలదా యను ప్రశ్న రెండింటికిని సమానమే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పు స్థానము లేకపోవుటచే ఆయన కత్తి పట్టెను. ఆ స్థానము ఏర్పడుటచే తరువాతివారు కాగితము, కలము పట్టిరి. రెండింటికిని నడుమ నున్న దూరమే మన దేశము నడచిన త్రోవ.

రేనాటి ప్రజలు తమ వీరుని మరువలేదు. వీథిగాయకులు ఆయన కథను పాటలుగా కట్టి ఊరూర పాడిరి. చదువు రాని నోళ్లలో ఆ కథ నూటయేబది యేండ్లకు పైగా నిలిచినది. 1866 నాటి కరవులో తన గాదెలను తెరచి వేలమంది ఆకలి తీర్చిన దాత బుడ్డా వెంగళరెడ్డియు ఉయ్యాలవాడ వాడే. వీరిరువురిని కలిపి రేనాటి సూర్యచంద్రులని చెప్పుకొనుట ఆ సీమలో పరిపాటి. ఒకరు ఈయనివానితో పోరాడినవారు. ఒకరు అడుగకముందే ఇచ్చినవారు. ఒకే పల్లె ఇరువురిని కన్నది. 2019లో నరసింహారెడ్డి చరిత్ర చలనచిత్రముగా వెలువడి, రాయలసీమ దాటి దేశమంతటను ఆయన పేరు వినిపించెను. ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల 2022 నుండి నంద్యాల జిల్లాలోనివైనవి.

కుంఫిణీ కచేరిలో 11 రూపాయల 10 అణాల 8 పైసలని పద్దు వ్రాసిన గుమాస్తా పేరు ఎవ్వరికిని తెలియదు. అతడు లెక్క తప్పలేదు. 35 రూపాయలను మూడు సమభాగములుగానే చేసెను. నొస్సము తవర్జీ రద్దని వ్రాసినవాడును తనకు ముందున్న నియమమునే అనుసరించియుండును. నియమము ప్రకారము సరిగానున్న పద్దు న్యాయము ప్రకారము సరిగానుండకపోవచ్చునని తెలిసికొనుట కష్టము. ఆ కష్టము పడుటయే మంచి ఉద్యోగి లక్షణము. నేడు ముదలియార్‌పేటలో గాని, కోయిలకుంట్లలో గాని, వణకు చేతులతో కాగితములు పట్టుకొని కచేరి మెట్లెక్కు ముదుసలి, కత్తి పట్టువాడు కాడు. ఆయనకు న్యాయస్థానములు కలవు, పై న్యాయస్థానములును కలవు. అయినను వానివరకు పోనవసరము లేకుండ, మొదటి బల్ల యొద్దనే ఆయన మాటను ఓపికతో విని, రావలసినదేదో, రానిదేదో, ఎందుచేతనో గౌరవముతో చెప్పుట ఆ బల్ల వెనుక కూర్చుండినవాని ధర్మము. నరసింహారెడ్డి కాలమున ఆ ధర్మము నిర్వర్తింపబడియున్నచో కోయిలకుంట్ల కోటలో ముప్పదియేండ్లు ఒక శిరస్సు వ్రేలాడవలసిన పని యుండెడిది కాదు.